రెండో ఇంజిన్ ఎక్కడ? జలాంతర్గాములను వేటాడే డెక్ విమానాల పోటీ గురించి

1949 సెప్టెంబరు 19న ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌మాస్టన్ నుంచి ఫెయిరీ సంస్థ నమూనా విమానం ఒకటి మొదటిసారి గాల్లోకి లేచింది. మర్నాడు, సెప్టెంబరు 20న, బ్లాక్‌బర్న్ సంస్థ తయారు చేసిన వై.ఎ.7 తొలిసారి ఎగిరింది. రెండూ బ్రిటిష్ నౌకాదళం కోసం 1945లో జీఆర్.17/45 అనే పేరుతో వెలువడిన ఒకే అవసరపత్రానికి సమాధానాలు. విమానవాహక నౌక మీది నుంచి లేచి, గంటల తరబడి సముద్రం మీద తిరుగుతూ జలాంతర్గామిని వెతకాలి, దొరికితే అక్కడికక్కడే దాడి చేయాలి. ఇదీ ఆ పత్రం అడిగిన పని. ఈ రెండు విమానాల ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే గీత గీసి ఇద్దరికీ పంచారేమో అనిపిస్తుంది. రెండింటికీ లావుపాటి పొట్టే, దానిలో పొడవైన ఆయుధాల గదే, ముక్కు మీద ఒకదాని వెనక ఒకటి ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లే. అయినా ఫెయిరీ విమానం గానెట్ అనే పేరుతో దాదాపు 350 దాకా తయారై నాలుగు దేశాల నౌకాదళాల్లో పనిచేసింది. రెండోది మూడు నమూనాలతోనే ఆగిపోయింది.

ఏ విమానం బాగా ఎగిరింది, దేనిని నౌక పైతలమైన డెక్ మీద దించడం తేలిక అన్న కోణంలోనే ఈ పోటీని సాధారణంగా వివరిస్తారు. అవి ముఖ్యమైన విషయాలే. కానీ ఈ తరహా విమానాల గురించి చదివిన కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం వేరు. జలాంతర్గాములను వేటాడే డెక్ విమానాల పోటీలన్నింటి అడుగునా ఒకే ప్రశ్న ఉంటుంది: రెండో ఇంజిన్‌ను ఎక్కడ పెట్టాలి? దానికి దొరికిన జవాబును బట్టే రాడార్‌కూ, మనుషులకూ, తోకకూ, చివరికి నౌక లోపల విమానాలు నిలిపే హ్యాంగర్‌లోనూ ఎంత చోటు మిగులుతుందో తేలుతుంది.

ఆ ప్రశ్న ఎందుకు వస్తుందో ముందుగా చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి జర్మన్ జలాంతర్గాములకు నీటి పైనుంచి గాలి పీల్చుకునే స్నార్కెల్ గొట్టం వచ్చింది. బ్యాటరీలు నింపుకోవడానికి పూర్తిగా పైకి తేలవలసిన అవసరం వాటికి తప్పింది. నీటిపైన కనిపించేది ఒక గొట్టం కొన మాత్రమే. ఇరవై ఒకటో రకం జలాంతర్గామి అయితే మునిగి ఉండగానే 17 నాట్ల (గంటకు దాదాపు 31 కిలోమీటర్ల) దాకా పరుగెత్తగలదు. ఇలాంటివి సోవియట్ నౌకాదళం చేతికి వస్తే అట్లాంటిక్ మీది సరుకు నౌకలను ఎలా కాపాడాలన్నదే 1945 తర్వాత లండన్‌లోనూ వాషింగ్టన్‌లోనూ నిద్ర పట్టనివ్వని ఆలోచన. స్నార్కెల్ కొనను పట్టుకోవాలంటే మంచి రాడార్ కావాలి. జలాంతర్గామి పూర్తిగా మునిగితే దాని శబ్దాన్ని వినడానికి సోనోబాయ్‌లు, అంటే విమానం నుంచి నీటిలో పడేసే తేలే శ్రవణ పరికరాలు, కావాలి. ఈ రెంటినీ కనిపెట్టుకుని కూర్చోవడానికి పైలట్ కాక ఇంకా మనుషులు కావాలి. టార్పెడోలూ, నీటి లోతులో పేలే డెప్త్ చార్జ్ బాంబులూ మోయాలి. ఇంత బరువుతో, నెమ్మదిగా, తక్కువ ఎత్తులో, గంటల తరబడి తిరగాలి. ఒక్క ఇంజిన్‌తో తీరానికి దూరంగా నీళ్ల మీద రోజూ ఇలా తిరగమని ఎవరినైనా పంపడం కష్టమైన నిర్ణయం.

రెండు ఇంజిన్లను రెక్కలకు చెరొకటి తగిలిస్తే సరిపోదా అంటే, డెక్ విమానానికి అది అంత తేలిక కాదు. ఒక ఇంజిన్ ఆగితే మిగిలింది విమానాన్ని ఒక పక్కకు తిప్పేస్తుంది, దాన్ని తోకలోని చుక్కానితో ఎదుర్కోవాలి. అయితే చుక్కాని బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. డెక్ మీదికి దిగడానికి వచ్చే విమానం తన కనిష్ఠ వేగానికి దగ్గరగా, చుక్కానికి అతి తక్కువ బలం ఉన్న స్థితిలో ఉంటుంది. దిగడం కుదరక మళ్లీ పైకి లేవాలంటే మిగిలిన ఇంజిన్‌కు పూర్తి శక్తి ఇవ్వాలి, అంటే పక్కకు తిప్పే బలం అప్పుడే గరిష్ఠంగా ఉంటుంది. దీనికి తట్టుకునే తోక పెద్దదిగా, ఎత్తుగా ఉండాలి. ఎత్తైన తోక హ్యాంగర్ పైకప్పుకు తగులుతుంది. పైన మందపాటి కవచం వేసుకున్న బ్రిటిష్ నౌకల్లో హ్యాంగర్లు మరీ పొట్టివి. ఇంప్లాకబుల్ తరగతి నౌకల్లో వాటి ఎత్తు 14 అడుగులే.

ఈ చిక్కుముడికి ఫెయిరీ ఇచ్చిన జవాబు నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ఇంజినీరింగ్ పని. వాళ్లు మొదట రోల్స్‌రాయిస్ వారి ట్వీడ్ టర్బోప్రాప్‌తో (టర్బైన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్‌తో) ఒక రూపకల్పన ఆలోచించి, దాన్ని పక్కన పెట్టి, ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ వారి డబుల్ మాంబాను ఎంచుకున్నారు. డబుల్ మాంబా అంటే రెండు మాంబా టర్బోప్రాప్ ఇంజిన్లను పక్కపక్కన అమర్చి, ముందు ఒకే గేర్ పెట్టెలో కలిపిన జంట. బయటికి ఒకే ముక్కు, ఒకే ఇరుసు వరసలో రెండు ప్రొపెల్లర్లు కనిపిస్తాయి. లోపల మాత్రం ఎడమ ఇంజిన్ ఒక ప్రొపెల్లర్‌ను, కుడి ఇంజిన్ ఇంకొకదాన్ని విడివిడిగా తిప్పుతాయి. లేచేటప్పుడూ దాడి చేసేటప్పుడూ రెండూ పనిచేస్తాయి. గస్తీ ఎత్తుకు చేరాక పైలట్ ఒక ఇంజిన్‌ను ఆపి, దాని ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అడ్డం లేకుండా తిప్పి, మిగిలిన ఇంజిన్‌తో తిరుగుతాడు. టర్బైన్ ఇంజిన్ తక్కువ శక్తి దగ్గర ఇంధనాన్ని వృథా చేస్తుంది. రెండింటినీ సగం శక్తితో నడపడం కన్నా ఒకదాన్ని దాదాపు పూర్తి శక్తితో నడపడం వల్ల సముద్రం మీద ఎక్కువసేపు ఉండవచ్చు. ఏ ఇంజిన్ ఆగినా ముందుకు తోసే బలం విమానం మధ్యగీత మీదే ఉంటుంది కాబట్టి పక్కకు తిరగడమన్న సమస్యే రాదు. పెద్ద తోక అవసరమూ తగ్గింది.

దీనికి ఇంకొక లాభం ఉంది. అది బయటివాళ్లకు చిన్నదిగా కనిపించినా నౌక మీద ఉండేవాళ్లకు పెద్దది. పిస్టన్ ఇంజిన్‌కు హై ఆక్టేన్ పెట్రోలు కావాలి. విమానవాహక నౌక పొట్టలో టన్నుల కొద్దీ పెట్రోలు దాచడం ఎంత ప్రమాదమో యుద్ధం నేర్పింది. టర్బోప్రాప్ అయితే కిరోసిన్‌తోనూ, అవసరమైతే డీజిల్‌తోనూ నడుస్తుంది. ఆ ఒక్క కారణానికే నౌకాదళం టర్బైన్ వైపు మొగ్గిందని నేననను. కానీ పోటీలో పిస్టన్ ఇంజిన్‌తో వచ్చినవాడు మొదటి అడుగులోనే వెనకబడినట్లే అయింది.

బ్లాక్‌బర్న్‌కు సరిగ్గా జరిగింది అదే. వాళ్లు కూడా జంట టర్బోప్రాప్‌నే కోరుకున్నారు, అయితే నేపియర్ సంస్థ తయారు చేయవలసిన డబుల్ నాయడ్‌ను నమ్ముకున్నారు. ఆ ఇంజిన్ రద్దయింది. విమానం సిద్ధమవుతోంది, ముక్కులో పెట్టడానికి ఇంజిన్ లేదు. చివరికి రోల్స్‌రాయిస్ గ్రిఫాన్ పిస్టన్ ఇంజిన్‌ను బిగించి వై.ఎ.7ను ఎగరేశారు. 1950 మే నెలలో మూడో మనిషికి చోటు కల్పించిన వై.ఎ.8 ఎగిరింది, అదీ గ్రిఫాన్‌తోనే. ఆ ఏడాది జులై 19న చివరికి టర్బోప్రాప్‌తో వై.బి.1 లేచింది. దాని ముక్కులో ఉన్నది ప్రత్యర్థి ఎంచుకున్న డబుల్ మాంబాయే. అప్పటికి ఫెయిరీ నమూనా ఎగరడం మొదలై పది నెలలు గడిచాయి, అంతకు నెల ముందు, జూన్ 19న, అది ఇలస్ట్రియస్ నౌక డెక్ మీద దిగి, విమానవాహక నౌక మీద దిగిన మొదటి టర్బోప్రాప్ విమానంగా పేరు తెచ్చుకుంది. 1951లో గానెట్‌కు ఉత్పత్తి ఆర్డరు దక్కింది.

బ్లాక్‌బర్న్ రూపకల్పన బలహీనమైనదని నేను అనుకోను. కిందికి వంగి మళ్లీ పైకి లేచే దాని రెక్క బాగా ఆలోచించి గీసినదే. ఆ వంపు వల్ల చక్రాల కాళ్లు పొట్టిగా, గట్టిగా ఉంటాయి. కానీ విమానం గీసిన సంస్థ చేతిలో లేని ఒక నిర్ణయం, అంటే వేరొక సంస్థ ఇంజిన్‌ను నిలిపివేయడం, వాళ్ల నుంచి కాలాన్ని లాగేసుకుంది. పోటీలో కాలం కూడా ఒక కొలతే.

అలాగని గానెట్‌కు అంతా సాఫీగా సాగిందనీ అనలేం. నౌకాదళం మొదట ఇద్దరు సిబ్బందితో సరిపెట్టుకుని, తర్వాత మూడో మనిషి కావాలంది. రాడార్‌నూ సోనోబాయ్‌లనూ ఒక్క పరిశీలకుడే చూసుకోవడం అసాధ్యమని తేలింది. మూడో సీటుకు ప్రత్యేకంగా ఇంకొక గది, ఇంకొక గాజు మూత వచ్చాయి. తోకకు అడ్డంగా ఉండే రెక్కల మీద చిన్న నిలువు పలకలు అదనంగా చేర్చవలసి వచ్చింది. 54 అడుగుల వెడల్పున్న రెక్కలను ఒకసారి మడిస్తే పొట్టి హ్యాంగర్‌లో పట్టవు కాబట్టి ఒక్కొక్క రెక్కను రెండు చోట్ల, ఆంగ్ల అక్షరం జడ్ ఆకారంలో, మడిచారు. మడిచాక వెడల్పు 20 అడుగులకు తగ్గింది. గానెట్ స్క్వాడ్రన్లకు చేరింది 1955లో. అవసరపత్రం వెలువడి అప్పటికి పదేళ్లు. ఆ మధ్యకాలాన్ని గడపడానికి బ్రిటిష్ నౌకాదళం అమెరికా నుంచి యుద్ధకాలపు అవెంజర్ విమానాలను తెచ్చుకోవలసి వచ్చింది.

ఇదే అవసరానికి కాస్త ఆలస్యంగా షార్ట్ సంస్థ మూడో జవాబు తెచ్చింది. తమ దగ్గర అప్పటికే ఉన్న స్టర్జన్ అనే రెండు ఇంజిన్ల డెక్ విమానాన్ని తీసుకుని, ముక్కును ఉబ్బించి అందులో రాడార్‌నూ ఇద్దరు ఆపరేటర్లనూ కూర్చోబెట్టి, రెక్కల మీద చెరొక మాంబాను అమర్చి ఎస్.బి.3 అని పేరు పెట్టారు. 1950 ఆగస్టు 12న అది ఎగిరింది. ఇక్కడ గమనించవలసింది, ఇందులోనూ ఉన్నది గానెట్‌లో ఉన్న రెండు మాంబాలే. తేడా అంతా వాటిని పెట్టిన చోటులోనే ఉంది. మాంబాల నుంచి వెలువడే వేడి వాయువు కిందికి తిరిగి ఉండటంతో విమానం నిలకడ చెడింది. ఒక ఇంజిన్ ఆగినప్పుడు దాన్ని తిన్నగా నిలబెట్టడం సాధ్యం కాలేదు. రెండో నమూనా పూర్తి కాకుండానే పథకం ముగిసింది. ఒకే ఇంజిన్ జతతో రెండు అమరికలను పక్కపక్కన పరీక్షించి చూపించినట్లుగా చరిత్రలో జరగడం అరుదు. అందుకే ఎస్.బి.3ని విఫలమైన విమానమని ఒక్క వాక్యంలో వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రెండో ఇంజిన్‌ను తోకలో దాచవచ్చు కదా అన్న ఆలోచన అట్లాంటిక్‌కు రెండు వైపులా వచ్చింది. గ్రమ్మన్ సంస్థ ఎక్స్‌టీబీ3ఎఫ్ అనే దాడి విమానానికి ముక్కులో పిస్టన్ ఇంజిన్, తోకలో వెస్టింగ్‌హౌస్ జెట్ పెట్టింది. ఫ్రాన్స్‌లో బ్రెగే సంస్థ వల్తూర్ విమానానికి ముక్కులో మాంబా, వెనక నీన్ జెట్ అమర్చి 1951లో ఎగరేసింది. రెండు చోట్లా జలాంతర్గాముల వేట అన్న అవసరం ముందుకు రాగానే తీసేసింది తోకలోని జెట్‌నే. ఎక్స్‌టీబీ3ఎఫ్ జెట్‌ను వదులుకుని గార్డియన్‌గా మారింది. వల్తూర్‌లో జెట్ ఉన్న చోటికి కిందికి దిగే రాడార్ గుమ్మటం వచ్చింది, విమానం పేరు అలీజేగా మారింది, 1956లో ఒక్క డార్ట్ టర్బోప్రాప్‌తో ఎగిరింది. మన మొదటి ఐఎన్ఎస్ విక్రాంత్ మీద 310వ స్క్వాడ్రన్ నడిపిన విమానం ఈ అలీజేయే. మనిషికీ రాడార్‌కూ చోటు కావలసి వచ్చినప్పుడు వేగాన్నిచ్చే రెండో ఇంజినే దారి ఇచ్చిందన్నమాట. గస్తీ పనిలో కంటికీ చెవికీ ఉన్న విలువ వేగానికి లేదని ఇద్దరు వేర్వేరు రూపకర్తలు విడివిడిగా తేల్చుకున్నారు.

గార్డియన్ మాత్రం ఇంకొక మూల్యం చెల్లించింది. ఒక్క ఇంజిన్‌తో రాడార్‌నూ ఆయుధాలనూ కలిపి మోయలేక, పెద్ద రాడార్‌తో వెతికే విమానం ఒకటి, ఆయుధాలతో దాడి చేసే విమానం ఒకటి, ఇలా జంటగా ఎగరవలసి వచ్చింది. డెక్ మీద ఒక పనికి రెండు విమానాల చోటు పోతుంది, జంటలో ఏ ఒక్కటి చెడినా రెండోది సగం పనికిరాదు. గ్రమ్మన్ దాని తర్వాత గీసిన ట్రాకర్ 1952 డిసెంబరు 4న ఎగిరింది. ఒక్కొక్కటి 1,525 అశ్వశక్తి గల రెండు రైట్ సైక్లోన్ పిస్టన్ ఇంజిన్లు రెక్కల మీద, నలుగురు సిబ్బంది, వేటా దాడీ ఒకే విమానంలో. ఇంజిన్ల వెనక గూళ్లలో సోనోబాయ్‌లు పెట్టారు, అంటే రెండో ఇంజిన్ ఆక్రమించిన చోటును కూడా పనిలోకి తెచ్చారు. తోక పెద్దది. అమెరికన్ హ్యాంగర్లు ఎత్తైనవి కావడంతో ఆ తోక చెల్లుబాటైంది. అదే విమానాన్ని పొట్టి హ్యాంగర్ల నౌకాదళం అడిగి ఉంటే ట్రాకర్ అనే జవాబు పుట్టేది కాదని నా నమ్మకం.

1960ల నాటికి వేటాడవలసిన జలాంతర్గామి మారింది. అణుశక్తితో నడిచేది స్నార్కెల్ కోసం పైకి రానక్కరలేదు, వేగంగా పోతుంది, లోతుగా పోతుంది. దాని ఆచూకీ ఎక్కడో దూరంగా తెలిసినప్పుడు అది తప్పించుకునేలోగా అక్కడికి చేరాలి, చేరాక మళ్లీ నెమ్మదిగా గంటలు గడపాలి. అమెరికన్ నౌకాదళం వీఎస్ఎక్స్ పేరుతో పిలిచిన పోటీలో 1968 నాటికి రెండు జట్లు మిగిలాయి. ఒకటి కాన్వేర్, గ్రమ్మన్ కలిసిన జట్టు, రెండోది లాక్‌హీడ్ నాయకత్వంలోనిది. డెక్ విమానాల్లో గ్రమ్మన్‌కున్న అనుభవం సాటిలేనిది. అప్పుడు డెక్‌ల మీద ఉన్న ట్రాకర్ వాళ్లదే. లాక్‌హీడ్‌కు తీరం నుంచి ఎగిరే ఒరాయన్ ద్వారా జలాంతర్గాముల వేట తెలుసు కానీ డెక్ విమానాల అనుభవం దాదాపు లేదు.

లాక్‌హీడ్ ఆ లోటును దాచుకోలేదు, దాన్ని పూరించే భాగస్వామిని వెతుక్కుంది. ఎల్‌టీవీ సంస్థకు డెక్ యుద్ధవిమానాలు గీసిన అనుభవం ఉంది. మడిచే రెక్కలు, తోక, ఇంజిన్ గూళ్లు, చక్రాల కాళ్లు వాళ్లకు అప్పగించింది. ముందు కాలు ఎ-7 కోర్సెయిర్ నుంచి, వెనక కాళ్లు ఎఫ్-8 క్రూసేడర్ నుంచి వచ్చాయి. డెక్ మీద వేల సార్లు నేలను గుద్దుకుని నిలబడిన కాళ్లను కొత్తగా కనిపెట్టనక్కరలేకుండా పోయింది. కంప్యూటర్ బాధ్యత యూనివాక్ తీసుకుంది. తీరం నుంచి ఎగిరే ఒరాయన్‌లో పదిమంది దాకా సిబ్బంది పంచుకునే పనిని ఇక్కడ నలుగురు చేయాలి. సోనోబాయ్‌ల నుంచి వచ్చే శబ్దాలను జల్లెడ పట్టే పని యంత్రానికి అప్పగించకపోతే అది జరిగే పని కాదు. 1969 ఆగస్టులో లాక్‌హీడ్ జట్టును ఎంపిక చేశారు. ఎస్-3 వైకింగ్ 1972 జనవరి 21న ఎగిరింది, 1974లో నౌకాదళంలో చేరింది.

రెండో ఇంజిన్ ప్రశ్నకు వైకింగ్ జవాబు పాత జవాబుల కలయిక. జనరల్ ఎలక్ట్రిక్ టీఎఫ్34 టర్బోఫాన్లు (పెద్ద ఫ్యాన్ ఉన్న జెట్ ఇంజిన్లు) రెండు, రెక్కల కింద వేలాడతాయి. టర్బోఫాన్ కావడంతో దూరానికి వేగంగా పోవడం, చేరాక పొదుపుగా తిరగడం రెండూ కుదిరాయి. ఇంజిన్లు రెక్కలకు పోవడంతో శరీరం మొత్తం మనుషులకూ, కంప్యూటర్‌కూ, ఆయుధాల గదికీ, 60 సోనోబాయ్ గొట్టాలకూ దక్కింది. దానికి ప్రతిఫలంగా ఎత్తైన తోక తప్పలేదు. ఆ తోకను పక్కకు పడుకోబెట్టేలా మడత పెట్టారు. దాదాపు 69 అడుగుల రెక్కలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా మడిచి ముప్పై అడుగుల లోపుకు తెచ్చారు. ఫెయిరీ తప్పించుకోవాలని చూసిన ఎత్తైన తోకనే ఎల్‌టీవీ ఒక కీలుతో హ్యాంగర్‌లో పట్టించిందని చెప్పుకోవచ్చు. ఆ బరువును మోయగలిగేంత శక్తి ఇంజిన్లకు ఆ ఇరవై ఏళ్లలో వచ్చింది కాబట్టి అది సాధ్యమైంది.

గానెట్‌ను జలాంతర్గాముల వేట నుంచి తప్పించింది ఇంకొక స్థిరరెక్కల విమానం కాదు, హెలికాప్టర్. వైకింగ్‌కూ అదే జరిగింది. 1990ల చివరలో దాని నుంచి ఆ బాధ్యత తీసేసి ఇంధనం మోసే పనీ, ఇతర పనులూ ఇచ్చారు, 2009లో నౌకల మీది నుంచి పూర్తిగా విరమింపజేశారు. సోనార్‌ను తీగతో నీటిలోకి దించి వినగల హెలికాప్టర్ నౌకకు దగ్గరలో నిజంగా సాటిలేనిది. కానీ అది వైకింగ్ వేగంతో వందల మైళ్ల దూరానికి పోలేదు, అక్కడ అంతసేపు ఉండలేదు. ఆ దూరపు పని ఇప్పుడు తీరం నుంచి ఎగిరే పెద్ద విమానాలకు పోయింది. తీరం అందనంత దూరంలో విమానవాహక నౌక తిరుగుతున్నప్పుడు ఆ పనికి డెక్ మీద సొంత విమానం లేదు. వైకింగ్‌కు వారసుడి కోసం మళ్లీ ఒక పోటీ పెట్టి, కనీసం రెండు జట్ల గీతలైనా బల్ల మీదికి తెప్పించకపోవడం అమెరికన్ నౌకాదళం చేసిన పెద్ద పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను.